‘శక్తి’ బృందం: మారిన కూర్పులు, వచ్చిన ఆల్బములు

‘శక్తి’ 1970ల మధ్యలో అమెరికాలో పుట్టిన వాద్యబృందం. ఇంగ్లండుకు చెందిన గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, కర్ణాటక వయొలిన్ విద్వాంసుడు ఎల్. శంకర్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్, ఘటం విద్వాంసుడు టి.హెచ్. వినాయక్‌రామ్, మృదంగ విద్వాంసుడు రామ్‌నాడ్ వి. రాఘవన్ దీని తొలి సభ్యులు. ఈ బృందం రెండుసార్లు ఆగి, రెండుసార్లు మళ్లీ లేచింది. ప్రతిసారీ మనుషులు మారారు, వాద్యాలు మారాయి. ఒకసారి పేరు కూడా మారింది. మూడు దశల్లోనూ ఉన్నవారు మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్ ఇద్దరే. నడిమి దశకు ప్రాణం పోసినవారు మాత్రం మన తెలుగువారు. ఆయన పాలకొల్లులో పుట్టి, గుడివాడలో తొలి కచేరీ చేసిన మాండొలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్.

శక్తి పుట్టుకకు వెనుక 1960ల రాక్ సంగీతం ఉంది. ఆ దశాబ్దం నడుమ లండన్‌లోనూ, శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ సైకెడెలిక్ రాక్ అనే బాణీ వచ్చింది. మూడు నిమిషాల పాట చాలదనుకున్న యువ వాద్యకారులు ఒకే ఆధారస్వరాన్ని పట్టుకుని, దాని చుట్టూ చాలాసేపు తిరుగుతూ వాయించడం మొదలుపెట్టారు. శ్రుతి ఆగకుండా మోగుతూ ఉంటే మనోధర్మంతో వాయించుకుంటూ పోయే ఆ పద్ధతికి వాళ్లకు కనిపించిన పెద్ద ఉదాహరణ భారతీయ సంగీతం. 1965లో బీటిల్స్ బృందం తమ పాటలోకి సితార్ తెచ్చింది. 1967 జూన్‌లో కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో రవిశంకర్ సితార్, అల్లారఖా తబలా రాక్ శ్రోతలను కట్టిపడేశాయి. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే సైకెడెలిక్ రాక్ బృందంలో డ్రమ్ములు వాయించే మికీ హార్ట్ ఆ అల్లారఖా దగ్గరే లయపాఠం చెప్పించుకున్నారు. అల్లారఖా కుమారుడే జాకిర్ హుస్సేన్.

అయితే చాలా రాక్ బృందాలు భారతీయ వాద్యాన్ని పాటకు అలంకారంగానే వాడుకున్నాయి. సితార్ వచ్చింది కానీ, దాని వెనుక ఉన్న రాగవిస్తారం రాలేదు. తబలా వచ్చింది కానీ, తాళపు లెక్క రాలేదు. ఆ రెండింటినీ వేదిక మీదికి తెచ్చి పాశ్చాత్య గిటార్‌ను వాటి పక్కన కూర్చోబెట్టింది శక్తి.

మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో పుట్టారు. 1969లో న్యూయార్క్ చేరి, జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ ఆల్బములలో గిటార్ వాయించారు. 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ నెలకొల్పారు. మహావిష్ణు అన్నది గురువు శ్రీ చిన్మయ్ ఆయనకు పెట్టిన పేరు. బిల్లీ కాబమ్ డ్రమ్ములు, యాన్ హామర్ కీబోర్డు, జెర్రీ గుడ్‌మన్ వయొలిన్, రిక్ లెయిర్డ్ బేస్ గిటార్, మెక్‌లాఫ్లిన్ ఎలక్ట్రిక్ గిటార్ కలిస్తే హోరు ఆకాశాన్నంటేది. ‘ది ఇన్నర్ మౌంటింగ్ ఫ్లేమ్’, ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’ ఆల్బములు ఆ కూర్పు చేసినవే. 1973 చివరికి ఆ కూర్పు చెదిరింది. కొత్త సభ్యులతో 1974 నుంచి మరికొన్ని ఆల్బములు వచ్చాయి. కానీ మెక్‌లాఫ్లిన్ మనసు అప్పటికే మరో వైపు మళ్లింది. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఆయన వీణ నేర్చుకుంటున్నారు. కర్ణాటక సంగీతం నేర్పే ఆ విశ్వవిద్యాలయంలోనే ఎల్. శంకర్‌తో స్నేహం కుదిరింది. మృదంగ గురువుగా రాఘవన్ కూడా అక్కడే ఉన్నారు. కాలిఫోర్నియాలో తబలా నేర్పుతున్న జాకిర్ హుస్సేన్, మద్రాసు నుంచి వచ్చిన వినాయక్‌రామ్ తోడయ్యారు. బృందం నిలబడింది.

శక్తి తొలి ఆల్బము పేరు కూడా ‘శక్తి’యే. 1975 జూలై 5న న్యూయార్క్ రాష్ట్రంలోని సౌత్‌హాంప్టన్ కాలేజీలో జరిగిన కచేరీని రికార్డు చేసి, 1976లో విడుదల చేశారు. అందులో ఉన్నవి మూడే అంశాలు. మొదటిదైన ‘జాయ్’ దాదాపు 18 నిమిషాలు సాగుతుంది. మూడోది అరగంటకు దగ్గరగా ఉంటుంది. ఆ రెంటి నడుమ నాలుగైదు నిమిషాల చిన్న స్వరరచన ఒకటుంది. దాని పేరు ‘లోటస్ ఫీట్’, అంటే పాదపద్మాలు. విద్యుత్ హోరుకు అలవాటుపడిన మహావిష్ణు అభిమానుల ముందు ఐదుగురు విద్వాంసులు తివాచీ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, డ్రమ్ములు లేకుండా, కీబోర్డు లేకుండా, చెక్క, చర్మం, మట్టి, తీగలతో చేసిన కచేరీ అది.

ఆ కచేరీకి కావలసిన గిటార్ బజారులో దొరికేది కాదు. గిటార్ మెట్ల మీద స్వరం గట్టిగా, నిటారుగా నిలబడుతుంది. కర్ణాటక సంగీతానికి గమకం ప్రాణం. వీణ మీద వైణికులు తీగను మెట్టు మీద పక్కకు లాగి, ఒకే మెట్టులో రెండు మూడు స్వరాలు పలికిస్తారు. గిటార్ మీద కూడా ఆ లాగుడు సాధ్యపడాలని మెక్‌లాఫ్లిన్ మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న చెక్కను పల్లంగా తొలిపించారు. వేలు చెక్కకు తగలదు కాబట్టి తీగ ఎటు లాగితే అటు వస్తుంది. ఆరు తీగల కింద, గిటార్ పొట్ట మీద ఏటవాలుగా మరో ఏడు తీగలు బిగించారు. వీణకు పక్కన ఉండే తాళం తీగల్లాగా అవి శ్రుతినిస్తూ, మీటినప్పుడు జల్లుమంటాయి. గిబ్సన్ సంస్థ కోసం అబ్రహాం వెక్టర్ అనే గిటార్ నిర్మాత దీన్ని తయారు చేశారు. వీణ పాఠం గిటార్ ఒంట్లోకి దిగిన తీరు ఇది.

శక్తి వాయించే పద్ధతి మన కచేరీలు వినేవారికి కొత్తేమీ కాదు. ముందు అందరూ కలిసి, ఊపిరి తిప్పుకోనివ్వని వేగంతో ఒక స్వరరచన వాయిస్తారు. తరువాత ఒక్కొక్కరుగా రాగాన్ని విస్తరిస్తారు. ఆపైన గిటార్, వయొలిన్ ఒకదానికొకటి బదులిచ్చుకుంటాయి. మొదట నాలుగు ఆవర్తనాలు, తరువాత రెండు, ఒకటి, అర, పావు. చివరికి ఒక్కో స్వరం అటూ ఇటూ బంతిలా తిరుగుతుంది. అది స్వరకల్పనలో మన విద్వాంసులు చేసే పనే. ఆ తరువాత లయవాద్యాల తని ఆవర్తనం. ఉత్తరాది తబలా, దక్షిణాది మృదంగం, ఘటం ఒకే వేదిక మీద తగువు లేకుండా మాట్లాడుకోవడం ఆనాడు అరుదు. వాటికి వ్యాకరణం వేరు, పలికే జతులు వేరు. కానీ లెక్క ఒకటే. జాకిర్, వినాయక్‌రామ్ ఆ లెక్క దగ్గర కలిశారు. ముక్తాయింపు మూడోసారి తిరిగి సమానికి వచ్చేసరికి అందరూ ఒక్క దెబ్బతో ఆగుతారు. రాగాల పేర్లు తెలియని శ్రోత కూడా ఆ చోట లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు.

మొదటి ఆల్బము తరువాత రాఘవన్ బృందంలో లేరు. మిగిలిన నలుగురూ 1976 ఆగస్టులో లండన్‌లో ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ బ్యూటీ’ రికార్డు చేశారు. అందులో ఒక అంశానికి ‘కృతి’ అనే పేరు పెట్టారు. 1977లో జెనీవాలో ‘నేచురల్ ఎలిమెంట్స్’ తయారైంది. ఇందులోని అంశాలు చిన్నవి, బిగువైనవి. తొలి ఆల్బములో విస్తారం ఎక్కువ, మూడో ఆల్బములో కట్టుదిట్టం ఎక్కువ. ఈ మూడూ కలిసి శక్తి మొదటి దశ. 1978 నాటికి బృందం విడిపోయింది.

ఆ తరువాత ఎవరి దారి వారిది. ఎల్. శంకర్ పది తీగల జంట వయొలిన్‌తో 1980లో ‘హూజ్ టు నో’ ఆల్బము చేశారు. మెక్‌లాఫ్లిన్ మళ్లీ జాజ్ వైపు, స్పానిష్ గిటార్ విద్వాంసుల వైపు వెళ్లారు. జాకిర్ హుస్సేన్, వినాయక్‌రామ్ 1991లో గ్రేట్‌ఫుల్ డెడ్ వాద్యకారుడు మికీ హార్ట్‌తో కలిసి ‘ప్లానెట్ డ్రమ్’ ఆల్బములో వాయించారు. ప్రపంచ సంగీతపు విభాగంలో మొట్టమొదటి గ్రామీ పురస్కారం ఆ ఆల్బముకే దక్కింది. కాల్చిన మట్టికుండ ఆ పురస్కారంలో పాలుపంచుకుంది.

రెండో దశ 1997లో మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరులో బ్రిటన్‌లో కచేరీల కోసం మెక్‌లాఫ్లిన్, జాకిర్, వినాయక్‌రామ్ మళ్లీ కలిశారు. ఎల్. శంకర్ రాలేదు. వయొలిన్ స్థానంలో హరిప్రసాద్ చౌరాసియా వేణువు వచ్చింది. బృందం పేరు ‘రిమెంబర్ శక్తి’ అయింది. అదే పేరుతో 1999లో రెండు డిస్కుల ఆల్బము వచ్చింది. అందులో ‘ముక్తి’ అనే ఒక్క అంశమే గంటకు పైగా సాగుతుంది. వయొలిన్ ఉన్న శక్తి పరుగు తీసే ఏరైతే, వేణువు ఉన్న శక్తి నిండుగా నిలిచిన చెరువు. హిందుస్తానీ ఆలాపనలోని నిదానం బృందం నడకనే మార్చింది. కానీ చౌరాసియా కూర్పు ఎక్కువ కాలం సాగలేదు. వినాయక్‌రామ్ స్థానంలో ఆయన కుమారుడు వి. సెల్వగణేష్ కంజిర పట్టుకుని వచ్చారు. వేణువు స్థానంలోకి మాండొలిన్ వచ్చింది.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న మాండొలిన్‌ను పిల్లవాడు ఆరేళ్ల వయసులో చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఆసక్తి చూసి తండ్రి తన గురువైన రుద్రరాజు సుబ్బరాజుకు అప్పగించారు. సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. గురువు పాడేవారు, శిష్యుడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. గురువు వేళ్ల జాడ చూపించకపోవడం వల్ల, మాండొలిన్ బాణీ ఏదీ అడ్డు రాకుండా పాట నేరుగా వాద్యంలోకి దిగింది. శ్రీనివాస్ మాండొలిన్‌లో గాత్రం వినిపిస్తుందని రసికులు అనడానికి మూలం ఆ పాఠమే.

ఆయన తొలి బహిరంగ కచేరీ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో జరిగింది. అప్పటికి వయసు తొమ్మిదేళ్లు. గుడివాడ ఉన్నది కృష్ణా డెల్టాలో. ఆ కచేరీకి ఈ ప్రాంతం తగిన చోటు. త్యాగరాజస్వామి శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, శాస్త్రి శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులు శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. త్యాగరాజు నుంచి కృష్ణ ఒడ్డుకు నడిచి వచ్చిన శిష్యపరంపర అది. మొవ్వ క్షేత్రయ్య పదాలకు, కూచిపూడి భాగవతానికి పుట్టినిల్లు కూడా ఈ డెల్టాయే. అటువంటి చోట, ఇటలీ నుంచి వచ్చిన వాద్యం మీద త్యాగరాజ కృతిని విని, ఇది మనదే అని ఒప్పుకున్న శ్రోతలు గుడివాడ శ్రోతలు.

మాండొలిన్‌కు మామూలుగా నాలుగు జతల తీగలుంటాయి, మొత్తం ఎనిమిది. జంట తీగను లాగితే రెండూ ఒకే శ్రుతిలో నిలవవు, గమకం చెదురుతుంది. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. అయిదో తీగతో మంద్ర స్థాయి అందింది. మాండొలిన్ నాదం మీటగానే ఆరిపోతుంది. కాబట్టి ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని, నాదం నిలిచేలా చేసుకున్నారు. మెక్‌లాఫ్లిన్ గిటార్ మెట్ల నడుమ చెక్క తొలిపించడం, శ్రీనివాస్ మాండొలిన్ తీగలు తగ్గించడం ఒకే అవసరం నుంచి పుట్టిన పనులు. ఒకరు యార్క్‌షైర్‌లో, మరొకరు పాలకొల్లులో పుట్టినా ఇద్దరూ గమకం కోసమే వాద్యాన్ని మార్చుకున్నారు. శక్తి వేదిక మీద వాళ్లిద్దరికీ పొత్తు కుదరడానికి ఒక కారణం అదే కావచ్చు.

1981లో మద్రాసు సంగీత ఉత్సవాల్లో కచేరీ చేసే నాటికి శ్రీనివాస్‌కు 12 ఏళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ ఆల్బము చేశారు. 1998లో పద్మశ్రీ అందుకున్నారు. అంటే శక్తిలోకి వచ్చేసరికి ఆయన ప్రపంచం ఎరిగిన విద్వాంసుడు.

మెక్‌లాఫ్లిన్, జాకిర్, శ్రీనివాస్, సెల్వగణేష్ కూర్పుతో 1999 కచేరీల నుంచి ‘ది బిలీవర్’ ఆల్బము 2000లో వచ్చింది. గిటార్, మాండొలిన్ రెండూ మీటి వాయించే వాద్యాలు. పక్కపక్కన మోగితే కలిసిపోయే ప్రమాదం ఉంది. అలా జరగకపోవడమే ఈ ఆల్బములోని గొప్ప. గిటార్ కింది స్థాయిలో గుండ్రంగా పలుకుతుంది. మాండొలిన్ పై స్థాయిలో సన్నగా, నిప్పురవ్వల్లా ఎగురుతుంది. కింద తబలా, కంజిర. కంజిర చేతిలో పట్టుకుని వాయించే చిన్న వాద్యం. ఎడమ చేతి వేళ్లతో చర్మాన్ని నొక్కుతూ సెల్వగణేష్ అందులోంచి పెద్ద డోలుకున్నంత లోతైన శబ్దం రాబట్టారు.

2000 డిసెంబరులో బృందం ముంబయిలో చేసిన కచేరీలు ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ పేరుతో 2001లో వచ్చాయి. సంతూర్ విద్వాంసుడు శివకుమార్ శర్మ, స్లయిడ్ గిటార్ విద్వాంసుడు దేబాశిష్ భట్టాచార్య, డ్రమ్ముల శివమణి ఇందులో అతిథులు. శంకర్ మహదేవన్ గాత్రంతో ఈ కచేరీలోకి వచ్చి, బృందంలో సభ్యుడయ్యారు. అప్పటిదాకా వాద్యబృందంగా ఉన్న శక్తికి పాట వచ్చింది. ఆ పాటల్లో ఒకటి ‘గిరిరాజ్ సుధ’. వినాయకుడి మీద త్యాగరాజస్వామి బంగాళ రాగంలో రచించిన ‘గిరిరాజసుతా తనయ’ కృతి దీనికి ఆధారం. గుడివాడ ఆరాధనోత్సవంలో తొలి అడుగు వేసిన శ్రీనివాస్ ఉన్న బృందంలోకే త్యాగరాజ కృతి వచ్చి చేరింది.

ఈ కూర్పు పదేళ్లకు పైగా దేశదేశాల్లో కచేరీలు చేసింది. 2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు. వయసు 45 ఏళ్లు. ఆయన లేకుండా బృందం సాగలేదు. రెండోసారి ఆగింది.

మూడో దశలో పేరు మళ్లీ ‘శక్తి’ అయింది. మాండొలిన్ స్థానంలో మరో మాండొలిన్ పెట్టలేదు. గణేష్–కుమరేష్ సోదరుల్లో పెద్దవారైన గణేష్ రాజగోపాలన్ వయొలిన్ పట్టుకుని వచ్చారు. అలా ఎల్. శంకర్ కూర్చున్న చోటికి దాదాపు నలభై ఏళ్ల తరువాత వయొలిన్ తిరిగి వచ్చింది. మెక్‌లాఫ్లిన్, జాకిర్, శంకర్ మహదేవన్, సెల్వగణేష్, గణేష్ కలిసి చేసిన ‘దిస్ మొమెంట్’ ఆల్బము 2023 జూన్ 30న విడుదలైంది. 1977 నాటి ‘నేచురల్ ఎలిమెంట్స్’ తరువాత బృందం చేసిన స్టూడియో ఆల్బము ఇదే. కోవిడ్ కాలం కాబట్టి సభ్యులు ఎవరి ఊళ్లో వారు ఉండి, తమ తమ భాగాలు రికార్డు చేసి కలిపారు. ఎదురెదురుగా కూర్చుని కళ్లతో మాట్లాడుకోవడం మీద బతికిన బృందానికి అది కఠినమైన పరీక్ష. యాభై ఏళ్ల సాధన దాన్ని దాటించింది.

ఆల్బములోని మొదటి అంశం పేరు ‘శ్రీనీస్ డ్రీమ్’, శ్రీని కల అని అర్థం. శ్రీనివాస్ స్మృతికి ఇచ్చిన స్థానం అది. ‘గిరిరాజ్ సుధ’ కూడా ఇందులో మళ్లీ వినిపిస్తుంది, ఈసారి మాండొలిన్ పలికిన చోట వయొలిన్ పలుకుతుంది. 2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన వేడుకలో ఈ ఆల్బముకు గ్లోబల్ మ్యూజిక్ విభాగంలో గ్రామీ పురస్కారం లభించింది. అదే ఏడాది డిసెంబరు 15న జాకిర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించారు. మొదటి కచేరీ నుంచి మెక్‌లాఫ్లిన్ పక్కన ఉన్న లయ ఆగిపోయింది.

శక్తి కూర్పులన్నింటినీ వరుసలో పెడితే ఒక సంగతి తేలుతుంది. సాధారణంగా రాక్ బృందం ఒక గొంతు మీదో, ఒక గిటార్ మీదో నిలబడుతుంది. ఆ మనిషి వెళ్లిపోతే బృందం పేరుకే మిగులుతుంది. శక్తి నిలిచింది మనుషుల మీద మాత్రమే కాదు, పద్ధతి మీద. శ్రుతి కలపడం, రాగం విస్తరించడం, ఒకరి మాటకు మరొకరు బదులివ్వడం, లెక్క తప్పకుండా సమానికి చేరడం ఆ పద్ధతి. అది నేర్చినవారెవరు వచ్చినా బృందంలో చోటుంది. వచ్చిన ప్రతివారూ తమ వాద్యపు స్వభావంతో బృందం ధ్వనిని మార్చారు, మార్గాన్ని మాత్రం మార్చలేదు. గురువు తరువాత శిష్యుడు, తండ్రి తరువాత కొడుకు కూర్చునే మన సంగీతపు ఆనవాయితీయే ఒక అంతర్జాతీయ బృందాన్ని యాభై ఏళ్లు నడిపింది.

దీనికి సాక్ష్యం కావాలంటే ‘లోటస్ ఫీట్’ వినాలి. అది చాలా నెమ్మదైన, కొద్దిపాటి స్వరాల రచన. అదే 1976 నాటి మహావిష్ణు ఆర్కెస్ట్రా ఆల్బము ‘ఇన్నర్ వరల్డ్స్’లో విద్యుత్ వాద్యాలతో ఉంది. అదే ఏడు వచ్చిన ‘శక్తి’లో ఎల్. శంకర్ వయొలిన్‌తో ఉంది. 1999 నాటి ‘రిమెంబర్ శక్తి’లో చౌరాసియా వేణువుతో, 2000 నాటి ‘ది బిలీవర్’లో శ్రీనివాస్ మాండొలిన్‌తో ఉంది. నాలుగు కూర్పులు, ఒకే బాణీ. గుడివాడ, గుడ్లవల్లేరు, మచిలీపట్నం ఊళ్లలో వీణో, వయొలినో, గిటారో, కీబోర్డో నేర్చుకుంటున్న పిల్లలు ఈ నాలుగింటినీ ఇదే వరుసలో, కళ్లు మూసుకుని, పక్క పని పెట్టుకోకుండా వినాలి. చివరిది విన్నప్పుడు, తొమ్మిదేళ్ల శ్రీనివాస్ మాండొలిన్ తొలి కచేరీలో మోగింది తమ ప్రాంతంలోనే అని గుర్తుంచుకోవాలి.